కాలువలు కట్టేసిన నెలల్లో రాజమండ్రి

రాజమండ్రిని రైలు కిటికీలోంచి చూస్తే చాలనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వంతెన మీద రైలు చప్పుడు మారగానే లేచి, చిల్లర వెతుక్కుని, గోదాట్లో ఒక రూపాయి వేసి దణ్ణం పెట్టుకుని కూర్చుంటారు. ఊళ్లో దిగినవాళ్లు కూడా పుష్కర ఘాట్, కోటిలింగాల రేవు, తాడితోటలో బట్టల షాపులు, మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ చూసుకుని సాయంత్రం బండికి వెళ్లిపోతారు. ఆ ఊళ్లో మ్యూజియాలున్నాయని, వాటిని నిదానంగా చూడ్డానికి రెండు మూడు రోజులు పడుతుందని చెబితే నమ్మరు. నాకు మాత్రం చిన్నప్పుడు రాజమండ్రి అంటే ముందు అవే. కారణం మా మామయ్య. ఆయన ధవళేశ్వరం ఆనకట్ట మీద లస్కరు.

లస్కరు అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆనకట్ట తలుపులు ఎత్తడం, దించడం, వాటికి గ్రీజు పెట్టడం, నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం, రాత్రిపూట గట్టు మీద తిరిగి ఎక్కడైనా గండి పడేలా ఉందేమో చూడ్డం లస్కరు పని. నాలుగు పాయలకి కట్టిన బ్యారేజీకి మొత్తం 175 తలుపులు. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. ఈ లెక్క మామయ్య మాకు ఎక్కాల కంటే ముందు నేర్పాడు. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలిన దగ్గర్నుంచి ఆయనకి టైముకి తిండి ఉండేది కాదు. వరద రోజుల్లో అత్తయ్య క్యారేజీ కట్టి ఆనకట్ట మీదకే పంపేది. ఏప్రిల్ సగం దాటాక కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు మాత్రం ఆయనకి కాస్త తీరిక దొరికేది. మాకు వేసవి సెలవులూ అప్పుడే.

మాది ఆత్రేయపురం పక్కన పల్లెటూరు. బొబ్బర్లంక మీదుగా ఆనకట్ట దాటితే ధవళేశ్వరం. అమ్మ నన్నూ తమ్ముణ్నీ బస్సెక్కించి, ఒళ్లో పూతరేకుల డబ్బా పెట్టి, "ధవళేశ్వరంలో మా అన్నయ్య ఉంటాడండీ, దింపెయ్యండి" అని కండక్టరుకి అప్పజెప్పేది. తొంభైల మొదట్లో సంగతి ఇది. బస్సు ఆనకట్ట మీదకి ఎక్కగానే తమ్ముడు తలుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టేవాడు.

మామయ్య పదో తరగతితో చదువు ఆపేశాడు. కానీ ఆయనకి ఒక గుణం ఉండేది. ఏ పాత కట్టడం దగ్గరికి వెళ్లినా, "సరే, దీన్ని కట్టించినాయన పేరు బోర్డు మీద ఉంది. రాళ్లు మోసినవాళ్లెవరు? అన్నం వండినవాళ్లెవరు? ఇప్పుడు ఊడుస్తున్నవాళ్లెవరు?" అని అడిగేవాడు. ఎవరూ చెప్పకపోతే అక్కడి వాచ్‌మన్‌తో మాట కలిపి, బీడీ ఇచ్చి, కూర్చుని కనుక్కునేవాడు. మాకు ఆ ఊరి చరిత్ర సగం అలా వాచ్‌మన్ల నోటి నుంచే వచ్చింది.

అన్నిటికంటే ముందు కాటన్ మ్యూజియం. మామయ్య క్వార్టర్సు నుంచి నడిచి వెళ్లేవాళ్లం. కాటన్ దొర ఆఫీసుగా వాడుకున్నాడని చెప్పే పాత బంగళా అది. ఆవరణలో ఆనకట్ట పనికి వాడిన పెద్ద పెద్ద ఇనుప యంత్రాలు ఎండలో నిలబెట్టి ఉండేవి. లోపల బొమ్మలు, పటాలు, పాత ఆనకట్టకీ కొత్త బ్యారేజీకీ నమూనాలు. పిల్లలకి నమూనాలంటే ఎలాగూ ఇష్టమే. మా ఊరు ఈ నమూనాలో ఎక్కడుంటుందని వెతుక్కునేవాళ్లం. మామయ్య మాత్రం మమ్మల్ని ముందు యంత్రాల దగ్గరే ఆపేవాడు. ఒక పళ్ల చక్రాన్ని అరచేత్తో తడిమి, "ఇప్పుడు గ్రీజు పెట్టినా తిరుగుద్దిరా ఇది" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూడాలి. వేరే డ్యూటీలో ఉన్న తోటి పనివాణ్ని పలకరించినట్టు ఉండేది.

కాటన్ కథ మా వైపు పిల్లలందరికీ ఎంతోకొంత తెలుసు. గుర్రం మీద కూర్చున్న ఆయన విగ్రహం లేని ఊళ్లు తక్కువ. మే 15న పుట్టినరోజుకి దండలు వేస్తారు. ఆయన్ని భగీరథుడితో పోలుస్తూ సంకల్పంలో ఒక శ్లోకం చదివే పురోహితులు కూడా ఉండేవారు. కానీ మామయ్య కథ దొరగారితో మొదలయ్యేది కాదు, కరువుతో మొదలయ్యేది. 1832-33 నాటి నందన కరువు, ఆ తర్వాత తుఫానులు. 1821లో రాజమండ్రి జిల్లాలో 7 లక్షల 38 వేల మంది ఉంటే 1841 నాటికి 5 లక్షల 61 వేల మందే మిగిలారు. గోదావరి పక్కనే పారుతోంది, పొలాలు ఎండిపోతున్నాయి, జనం పోతున్నారు. "నీళ్లు లేక కాదమ్మడూ, నీళ్లు పైకి ఎక్కక" అనేవాడు మామయ్య. నది మట్టం కింద, చేను మట్టం పైన. నదికి అడ్డంగా గోడ కట్టి నీటిని కొన్ని అడుగులు ఎత్తితే కాలువల్లోకి దానంతటదే వెళ్తుంది. ఆనకట్ట అంటే అంతే. ఈ ఒక్క విషయం నాకు సైన్సు పుస్తకంలో ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

పని 1847లో మొదలై 1852లో అయింది. మధ్యలో కాటన్ జబ్బుపడి సెలవు మీద ఆస్ట్రేలియా వైపు వెళ్తే కెప్టెన్ ఆర్ అనే ఆయన పని ఆగకుండా చూశాడు. రాయి ధవళేశ్వరం కొండల నుంచే. కొట్టిన రాయిని నది దాకా తేవడానికి చిన్న రైలు దారి వేశారు. మన దేశంలో జనం ఎక్కే రైళ్లు రాకముందే, రాళ్లు మోసే రైలు మా ధవళేశ్వరంలో నడిచిందన్నమాట. ఇది విన్నాక తమ్ముడు ఆ వేసవంతా కొండ దగ్గర పట్టాల ఆనవాళ్లు వెతికాడు.

మామయ్య మాకు పదే పదే చెప్పిన పేరు వీణెం వీరన్న. కాటన్ కింద పనిచేసిన మన మనిషి. కూలీలని సమకూర్చడం, వాళ్లతో పని చేయించడం, వాళ్లకీ దొరలకీ మధ్య మాట నడపడం ఆయన చూసుకున్నాడు. వేల మంది ఊళ్లొదిలి వచ్చి ఆ నది ఇసకలో రోజుల తరబడి పనిచేశారంటే, వాళ్ల భాషలో వాళ్లకి భరోసా ఇచ్చే మనిషి ఉండాలి కదా. "దొరగారు గీశారు, వీరన్నగారు జనాన్ని నిలబెట్టారు" అనేవాడు మామయ్య. కాటన్ విగ్రహాలు వందల్లో ఉన్నాయి. వీరన్న పేరు గోదావరి జిల్లాల పిల్లలకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఇది నాకు బాధగానే ఉంటుంది, ఇక్కడ రాసుకుంటున్నది కూడా అందుకే.

మ్యూజియం చూశాక తప్పకుండా గేజీ దగ్గరికి తీసుకెళ్లేవాడు. గోడ మీద అడుగులు, అంకెలు వేసి ఉంటాయి. 11.75 అడుగులొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వేసవిలో నీళ్లు ఎక్కడో అడుగున ఉండేవి. ఆ అంకెలు మా తలల మీద, ఇంకా పైకి వెళ్లిపోతూ కనిపించేవి. 1986 ఆగస్టు వరదప్పుడు ఈ ఆనకట్ట మీంచి 35 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. మామయ్య ఆ రాత్రుళ్లు డ్యూటీలో ఉన్నాడు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెయ్యెత్తి చూపించి కాసేపు మాట్లాడేవాడు కాదు. మా ఊళ్లో అమ్మ, నాన్న, నాన్నమ్మ అప్పుడు స్కూలు మేడ మీద ఉన్నారు. అవతల గట్టున చెల్లెలు ఎలా ఉందో తెలియకుండా, ఇవతల గట్టున నీటిమట్టం గంట గంటకీ రాసిన మనిషి ఆయన. ఆ పుస్తకం ఎక్కడైనా భద్రంగా ఉందో లేదో గానీ, నా దృష్టిలో అది కూడా మ్యూజియంలో ఉండాల్సిన వస్తువే.

రాజమండ్రి ఊళ్లోకి సైకిలు మీదే. తమ్ముడు ముందు కడ్డీ మీద, నేను వెనక క్యారియర్ మీద. పొద్దున్నే ఎండ ఎక్కకముందు బయల్దేరి గోదావరి గట్టు వెంట వెళ్లేవాళ్లం.

రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం నాకు మొదట్లో నచ్చలేదు. చెట్ల కింద విరిగిన విగ్రహాలు, అద్దాల వెనక నాణేలు, తాటాకులు, మట్టి పాత్రలు. పదేళ్ల పిల్లకి అందులో ఏం కనపడుతుంది? తర్వాత, తొమ్మిదో తరగతిలో అనుకుంటాను, నన్నయ పద్యం పాఠంగా వచ్చిన ఏడాది వెళ్లినప్పుడు అదే చోటు వేరేగా కనపడింది. వెయ్యేళ్ల కిందట రాజరాజనరేంద్రుడు ఏలిన ఊరు ఇదే. నన్నయ భారతం మొదలుపెట్టింది ఈ రాజు కొలువులోనే. బట్టీ పట్టిన పద్యం, సైకిలు తొక్కే వీధి ఒకే చోటివని అప్పుడు తట్టింది నాకు.

ఆ రోజు ఒక శాసనపు రాయి ముందు చాలాసేపు కూర్చున్నాను. నల్లరాయి, ఒక మూల పగిలిపోయింది. అక్షరాలు మనం రాసేవి కావు, అలాగని పూర్తిగా పరాయివీ కావు. గుండ్రంగా, దగ్గర దగ్గరగా, వరుస తప్పకుండా ఉన్నాయి. ఒకచోట గీత కాస్త లోతుగా దిగింది, చెక్కినతను అక్కడ ఉలి గట్టిగా కొట్టాడు కాబోలు. నేను నోట్‌బుక్కులో ఆ వరుస చూసి గీసుకుంటుంటే అక్కడ పనిచేసే పెద్దాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఇది రకారం, ఇదిగో ఇది నకారం. మిగతావి నెమ్మదిగా వస్తాయి తల్లీ" అన్నాడు. రెండక్షరాలు దొరికాక మూడోది నేనే పట్టుకున్నాను. అంత సంతోషం నాకు పరీక్షలో ఫస్టు మార్కు వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగానికీ శాసనాలకీ ఏ సంబంధమూ లేదు. అయినా ఏ ఊరు వెళ్లినా గుడి గోడల మీద అక్షరాలు కనపడితే ఆగకుండా ఉండలేను.

ఆ మ్యూజియానికి పేరిచ్చిన రాళ్లబండి సుబ్బారావు ఆంధ్రేతిహాస పరిశోధక మండలి కోసం పాటుపడిన మనిషి. ఆ మండలి 1922లో రాజమండ్రిలోనే పుట్టింది. రాజరాజు పట్టాభిషేకమై 900 ఏళ్లయిన సంవత్సరం అది. ఊరూరా తిరిగి రాగిరేకులు, రాళ్లు, నాణేలు ఎక్కడ దొరికితే అక్కడ పోగుచేసి, చదివి, అచ్చువేసేవారు. ఆ పనికి జీతం లేదు. ఎవరి దొడ్లోనో గోళెం కింద ఉన్న రాయిని "ఇది మాకివ్వండి" అని అడిగి, బండెక్కించి తెచ్చుకోవాలి. తెలుగు దేశపు చరిత్ర అని మనం పాఠాల్లో చదివిన దాంట్లో ఎంత భాగం ఇలాంటి మనుషుల కాళ్ల తిరుగుడు వల్ల వచ్చిందో.

అత్తయ్య ఈ తిరుగుళ్లకి ఎప్పుడూ వచ్చేది కాదు. ఇంట్లో పని, పైగా సైకిలు మీద చోటు లేదు. వీరేశలింగంగారి ఇంటికి మాత్రం ఒకసారి వస్తానంది. ఆ రోజు అందరం రిక్షాలో వెళ్లాం. ఇరుకు సందులో పాతకాలం ఇల్లు అది. బయట ఎండ మండిపోతున్నా లోపల అడుగుపెట్టగానే చల్లగా ఉంది. తెలుగులో మొదటి నవల రాసిన మనిషి, ఆడపిల్లల కోసం 1874లోనే మా ధవళేశ్వరంలో బడి పెట్టిన మనిషి తిరిగిన ఇల్లు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించింది ఆ ఇంట్లోనే. గోగులపాటి శ్రీరాములు వరుడు, గౌరమ్మ వధువు. ఊరంతా ఎదురు తిరిగింది. వెలి వేస్తామన్నారు. కాలేజీ విద్యార్థులు కాపలా ఉన్నారు, కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశాడు.

ఇవన్నీ మామయ్య చెబుతున్నాడు, అత్తయ్య వింటోంది. ఆయన మామూలుగానే "మరి వంటెవరు చేశారు?" అని అక్కడున్నతన్ని అడిగాడు. అతను చెప్పాడు. వంటమనుషులు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు రామన్నారు. వీరేశలింగంగారి భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి పెళ్లికి వంట చేసింది. పుట్టింట్లో ఆమె పేరు బాపమ్మ.

అత్తయ్య ఒక్కసారిగా, "గోదారి ఇక్కడికి ఎంత దూరం?" అంది. ఎవరో చెప్పారు. "బిందె ఎత్తుకుని ఎన్నిసార్లు తిరిగిందో మహాతల్లి" అని అక్కడే గుమ్మం మీద కూర్చుండిపోయింది. అత్తయ్యకి ఒక అక్క ఉండేది. పంతొమ్మిదేళ్లకే భర్త పోతే పుట్టింట్లో వంటగదికీ నూతికీ మధ్య బతుకంతా వెళ్లదీసింది. మేం ఆవిణ్ని "పెద్దమ్మగారూ" అని పిలిచేవాళ్లం. పెళ్లిళ్లలో ఎప్పుడూ ముందు వరసలో కనపడేది కాదు, వెనక గాడిపొయ్యి దగ్గర ఉండేది. చిన్నప్పుడు అదేమిటో నాకు అర్థమయ్యేది కాదు. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో అత్తయ్య ఎవరి గురించి ఆలోచిస్తోందో మామయ్యకి తెలుసు. మమ్మల్ని బయటికి తీసుకెళ్లి నిలబడ్డాడు. ఆమె వచ్చేదాకా పిలవలేదు.

దారిలో అత్తయ్య ఒకటే మాట అంది. "నూరేళ్ల కిందట ఈ ఊళ్లో అయిన పని, అరవై మైళ్ల దూరంలో మా ఇంటికి రాలేకపోయింది చూడు." ఆ తర్వాత నుంచి రాజమండ్రికి చుట్టాలెవరొచ్చినా అత్తయ్య ముందు ఆ ఇల్లే చూపించేది. వీరేశలింగంగారి మాట మామయ్యకి వదిలేసి, రాజ్యలక్ష్మమ్మ మాట తను చెప్పేది. ఆనందోద్యానంలో ఆ దంపతుల సమాధుల దగ్గరికి కూడా వెళ్లి, రాజ్యలక్ష్మమ్మకి రెండు పూలు పెట్టి వచ్చేది. ఈ ఊరి ఆడవాళ్లు ఆవిడకి రుణపడి ఉన్నారని ఆమె నమ్మకం. నాకూ అదే నమ్మకం.

మిగతావి దారిలో వచ్చేవి. 1890లో వీరేశలింగంగారు కట్టించిన టౌన్‌హాలు. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ఉపన్యాసాలిస్తే ఊరు ఊరంతా ఊగిపోయింది, ఆయన పేరుతోనే పాల్ చౌక్. గుమ్మం మీద 1324 నాటి పారశీక శాసనం ఉన్న మసీదు, తుగ్లక్ సైన్యం ఇంతదూరం వచ్చిందనడానికి సాక్ష్యం. కోటగుమ్మం దగ్గర కోట ఏదని తమ్ముడు ప్రతిసారీ అడిగేవాడు. ఆర్ట్స్ కాలేజీ గేటు ముందు మామయ్య సైకిలు ఆపి, "రాధాకృష్ణన్‌గారు ఇక్కడ పాఠాలు చెప్పారు" అని మా ఇద్దరి వంకా చూసేవాడు. మేం చదువుకోవాలని ఆయన చెప్పిన తీరు అది. తర్వాత రోజ్‌మిల్క్ తాగి ఇంటికి.

దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ గురించి మాత్రం త్వరగా దాటలేను. మొదటిసారి తమ్ముడి కోసం వెళ్లాం. వాడు గోడలన్నీ బొగ్గుతో బొమ్మలు గీసి పాడుచేస్తున్నాడని అత్తయ్య గొడవ చేస్తే, "వీడికి అసలు బొమ్మలు చూపించాలి" అని మామయ్య తీసుకెళ్లాడు. అప్పటిదాకా మేం చూసిన బొమ్మలంటే క్యాలెండరు దేవుళ్లు, సినిమా పోస్టర్లు. ఇక్కడ రంగులు కేక వేయడం లేదు. పలచటి నీటిరంగులు, సన్నటి గీత. పూలతో అలంకరించుకుంటున్న ఆడవాళ్లు, నంది పూజ, సిద్ధార్థుడి మనసులో మొదటిసారి అనురాగం పుట్టిన ఘడియ. మనుషుల కళ్లూ వేళ్లూ మన ఇళ్లలోవాళ్లవే. చీర కుచ్చిళ్లు నేలకి తగిలిన చోట రంగు ఎలా పలచబడిందో తమ్ముడు ముక్కు ఆనించేంత దగ్గరగా వెళ్లి చూశాడు. ఇంటికొచ్చాక బొగ్గు పక్కన పడేసి, గ్లాసులో నీళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

రామారావు 1897 మార్చిలో పుట్టి 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిలో ఉన్నది గుర్తుపట్టాడు. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకోవడానికి సాయం చేశాడు. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. ఒక్క దొర, ఒక్క మారుమూల కాలేజీ, ఇంతమంది కళాకారులు. బొంబాయిలో పేరు తెచ్చుకున్న రామారావు మళ్లీ సొంతూరికే వచ్చాడు. 1923లో ఇక్కడే చిత్రకళాశాల పెట్టాడు, రెండేళ్లకే వెళ్లిపోయాడు.

రామారావు పోయాక స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ చిత్రాల్నీ ఆ కళాశాలనీ తన బాధ్యత చేసుకున్నాడు. తనూ చిత్రకారుడే. సొంత బొమ్మలు వేసుకుంటూ పేరు తెచ్చుకోవడం ఒక దారి, పోయిన స్నేహితుడి పని నిలబెట్టడం ఇంకో దారి. ఆయన రెండోదానికి తన జీవితం పెట్టాడు. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసేవారు. వీళ్లెవరూ లేకపోతే ఆ నీటిరంగుల కాగితాలు మన వాన, చెద, తేమలకి తట్టుకుని ఇన్నేళ్లు ఉండేవి కావు. మామయ్య తన మామూలు ప్రశ్న అడిగి ఈ కథంతా తెలుసుకున్నాక, "స్నేహితుడంటే అలా ఉండాలిరా" అని తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

డిగ్రీ రాజమండ్రిలోనే చదివాను. క్లాసుల్లేని మధ్యాహ్నాలు ఆ గ్యాలరీలో ఎన్ని గడిపానో. చాలాసార్లు నేనొక్కదాన్నే ఉండేదాన్ని. తూర్పు కనుమల మధ్య గోదావరిని గీసిన చిత్రం నాకు ఇష్టం. కొండల నీలం వెనక ఇంకో నీలం, దాని వెనక పొగలాంటిది ఇంకొకటి. పాపికొండల వైపు లాంచీలో వెళ్లినప్పుడు ఆ మూడు నీలాలూ వెతుక్కున్నాను. పొద్దున్న ఏడింటికి ఒక మలుపు దగ్గర నిజంగానే కనపడ్డాయి.

అదే రోజుల్లో, 1997లో, హేవలాక్ వంతెన మీద రైళ్లు ఆపేశారు. దాదాపు నూరేళ్ల పాటు మోసిన వంతెన. పక్కన కొత్త ఆర్చి వంతెన వచ్చింది. ఊరు ఊరంతా గట్టు మీదకి వెళ్లి పాత వంతెనని చూసి మాట్లాడుకున్న రోజులవి. అది ఇప్పటికీ గోదావరి మధ్యలో అలాగే నిలబడి ఉంది. దాని మీద నడిచే దారి చేస్తారని వినపడినప్పుడల్లా ఆశపడతాను. నది నడిమధ్యన నిలబడి ఊరిని చూసే చోటు, జనం నడిచే చోటు, అంతకంటే మంచి మ్యూజియం ఆ ఊరికి ఇంకేముంటుంది?

ఇప్పుడు నేను పుణెలో ఉంటాను. మామయ్య రిటైరై చాలా ఏళ్లయింది, అత్తయ్య లేదు. మొన్న వేసవికి మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. మామయ్య మోకాళ్లు సహకరించకపోయినా, ఆటో మాట్లాడి అన్నిచోట్లకీ తనే తిప్పాడు. కాటన్ మ్యూజియంలో చక్రాన్ని తడిమాడు. వీరేశలింగంగారి ఇంట్లో రాజ్యలక్ష్మమ్మ కథ మాత్రం నన్ను చెప్పమన్నాడు. "అది మీ అత్తయ్య చెప్పేది, నాకు రాదు" అన్నాడు. నేను చెప్పాను. బిందెల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పట్టేసింది, మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

2027లో మళ్లీ పుష్కరాలు. కోట్ల మంది వస్తారు. వాళ్లలో వందకి ఒక్కరైనా స్నానం అయ్యాక ఒక పూట ఆగి ఆ ఇల్లు, ఆ గ్యాలరీ, ఆ శాసనాలు చూసి వెళ్తే బాగుండునని నా కోరిక. మామయ్య అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేసి, "అదే రోజు తిరుగు టికెట్టు తీసుకోకండి, మర్నాటికి తీసుకోండి" అని చెబుతున్నాడు. వచ్చినవాళ్లకి ఏ రోజు ఏది చూపించాలో కాగితం మీద రాసి పెట్టుకున్నాడట. మసీదు శాసనం ముందా, టౌన్‌హాలు ముందా అని మా తమ్ముడితో ఫోన్లో వాదన కూడా అయింది.

మా అమ్మాయి పుణె వచ్చాక రామారావు నీలాలు కలపడానికి తంటాలు పడుతోంది. ఫొటోలో చూసి కలిపితే రావడం లేదంటుంది. మామయ్యని అడిగింది. ఆయన ఇప్పుడు రోజూ పొద్దున్న గట్టు మీదకి వెళ్లి, ఫోనుతో గోదావరిని తీసి పంపిస్తున్నాడు. రంగు గురించి రెండు ముక్కలు, దాని కింద ఆ రోజు నీటిమట్టం ఎన్ని అడుగులో రాస్తాడు.